మంగమ్మ మామ్మ కదిలింది

నాన్నా,

నువ్వు పోయి ఏడాదైనా ఈ సంగతి నీకు చెప్పకుండా ఉండలేను!

నిన్న తుపాను హెచ్చరిక రాగానే నాగాయలంక దగ్గర నేను పనిచేసే ఊళ్లో అందరినీ బడికి తరలించాం. ఒంటరిగా ఉండే మంగమ్మ మామ్మ మాత్రం కదల్లేదు. ప్రాణం పోతుందని బెదిరించినా వినలేదు. ప్రాచీన చైనా గురించి నువ్వు క్లాసులో చెప్పిన పాఠం గుర్తొచ్చింది. రాజును ఒప్పించాలంటే మాటకారితనం చాలదు, ముందు ఆయన మనసులో ఏముందో తెలుసుకోవాలి అనేవాడివి. మామ్మ పక్కన కూర్చుని, ఎందుకు రానంటున్నావని అడిగాను.

"చూడిగేదెనొదిలి ఎట్టా వచ్చేదమ్మా?" అంది.

"ముందు దాన్నే తోలుకెళ్దాం మామ్మా. కొత్తచోట బెదిరిపోద్ది, నువ్వు పక్కనుండాలి," అన్నాను.

వెంటనే లేచి పలుపు విప్పింది!

తెల్లారేసరికి ఆవిడ ఇల్లు కూలిపోయింది. ఆవిడేమో నా పక్కనే కూర్చుని టీ తాగుతోంది, నాన్నా!