రెక్కలాయన మీద అనుమానం

కళింగపట్నం పక్క పేట,
నవంబర్ 20

బావా,

నేను, దుర్గని. దాలయ్య చిన్నాన్న రేపు మళ్ళీ వేరావల్ బోటుకి బయల్దేరుతున్నాడు. అత్త నీకు ఎండు నెత్తళ్ళ చేపలు మూట కట్టింది. ఆ మూటలోనే ఈ ఉత్తరం పెడుతున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు, ఎందుకో చివర్లో తెలుస్తుంది. అప్పుడు నీకు నవ్వు రాదు.

మగాళ్ళంతా గుజరాత్ వేటకి పోయి పేటలో ఆడవాళ్ళమే మిగిలామని ఎవరు చెప్పారో గానీ, టీవీ వాళ్ళు షూటింగుకి దిగారు. క్రిస్మస్ రోజున వేసే ప్రేమకథట. సముద్రం మీదకి పోయిన ప్రియుడి కోసం ఒక పిల్ల ఏడుస్తూ ఉంటుంది. ఆమెని కాచుకోమని దేవుడు ఒక దూతని పంపుతాడు. అతను ఆమెకి కనబడకుండా వెంటే తిరిగి, ఆపదలన్నీ తప్పించి, క్రిస్మస్ నాటికి ప్రియుణ్ణి ఒడ్డుకి చేరుస్తాడు. డైరెక్టరు ఆ దూతని గార్డియన్ ఏంజెల్ అంటాడు. మేమందరం రెక్కలాయన అంటాం. నిజానికి ఆయన పేరు ధనరాజ్, రాజాంలో బట్టల కొట్టులో పనిచేస్తూ నాటకాలు వేస్తాడట. అట్ట మీద కోడి ఈకలు అంటించి రెక్కలు చేశారు. ఆయన ఇసకలోకి దిగితే చాలు కాకులు వెంటపడుతున్నాయి. అత్త మాత్రం మొదటి రోజే ఆయన కాళ్ళ మీద పడి "బాబూ, మా గంగుల్ని కాసుకో" అని నీ కోసం మొక్కేసింది.

నన్నూ పక్కింటి కూర్మమ్మనీ చర్చి సీనులో కొవ్వొత్తులు పట్టుకుని నిలబడడానికి తీసుకున్నారు. అక్కడే నాకు అనుమానం మొదలైంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ రెక్కలాయన నేను అడక్కుండానే నా చేపల బుట్టకి ఐసు తెచ్చి పోయించాడు. శ్రీకాకుళం బజారుకి వెళ్ళడానికి షూటింగు ఆటోలో చోటిప్పించాడు. అత్తకి జ్వరం వస్తే మాత్రలు తెచ్చాడు. పేటలో ఇంతమంది ఆడవాళ్ళుండగా ఈ మర్యాదంతా నా ఒక్కదానికే ఎందుకు?

"నీకేటి కావాలి బాబూ, సూటిగా సెప్పెయ్యి," అని అడిగాను.

"ఏటీ వద్దమ్మా. మా అక్కలాటిదానివని..." అని నసిగాడు.

అక్కలాంటిదానివన్న మగాణ్ణి అసలు నమ్మకూడదని మా అమ్మ ఎప్పుడో చెప్పింది. పైగా కూర్మమ్మ నా చెవిలో "ఒసే దుర్గా, ఆడు నిన్ను దొంగతనంగా ఫోటోలు తీస్తన్నాడే" అని ఊదింది. ఆ తర్వాత నేనూ కనిపెట్టాను. బుట్ట ఎత్తుకుంటే ఫోన్ నా వైపు తిరుగుతుంది. జుట్టు ముడేసుకుంటే మళ్ళీ తిరుగుతుంది.

నిన్న సాయంత్రం ఆయన్ని తాళ్ళతో కట్టి గాల్లోకి ఎత్తారు. కింద పడి పగులుతుందని ఆయన ఫోన్ నా చేతికిచ్చారు. అది మోగింది. షూటింగు వాళ్ళేమోనని ఎత్తాను.

"ఏటి ధనరాజూ, ఇయ్యాల మా దుర్గ ఫోటో పంపలేదేటి? ఎలాగున్నాది? ఎవులితో నవ్వుతన్నాది?"

నీ గొంతు నాకు తెలీదా బావా? ఫోన్ పెట్టేశాను. పైన వేలాడుతున్నవాణ్ణి కింద నుంచే నిలదీశాను. "ముందు నన్ను దింపనీయమ్మా" అని మొత్తుకున్నాడు. దించాక, "గంగులన్నకి మాటిచ్చాను, ఆయన్నే అడుగు" అని తల వంచుకున్నాడు. నీకు ఫోన్ చేశాను, మళ్ళీ మళ్ళీ చేశాను. స్విచ్ఛాఫ్.

బోటు నడిసముద్రంలో ఉంటుంది, నెల దాకా సిగ్నల్ ఉండదు, వీడియో కాల్ కుదరదు అన్నావు. మరి రోజూ ఫోన్ చేసి నా ఫోటోలు అడుగుతున్నావంటే నువ్వు ఒడ్డునే ఉన్నావు. ఒడ్డున నీకేం పని? ఎవరితో ఉన్నావు? నువ్వక్కడ దాక్కుని, ఇక్కడ నా మీద కాపలా పెట్టావా? దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది. మేనత్త కొడుకువని, చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడివని నిన్ను చేసుకున్నాను. నువ్వూ నన్ను ఎరుగుదువనుకున్నాను. క్రిస్మస్ లోపు నిజం చెప్పకపోతే భావనపాడు వెళ్ళిపోతాను. మా అమ్మ ఇంట్లో నాకింత కూడు లేకపోదు. మళ్ళీ రాను.

దుర్గ


వేరావల్,
డిసెంబర్ 9

దుర్గకి,

రాత చూసి కంగారు పడకు. ఇది మా బోటు వంటవాడు చినబాబు రాత. నేను చెప్తుంటే రాస్తున్నాడు. బోటు నిన్ననే ఒడ్డుకొచ్చింది. రాసిపెట్టడానికి ఇతను లేకే ఇన్నాళ్ళు ఆలస్యమైంది. మీ రెక్కలాయన ఈ చినబాబు బావమరిదే.

దసరా వెళ్ళాక వల లాగే మిషను తాడులో నా కుడిచెయ్యి పడింది. బొటనవేలొక్కటే మిగిలింది. అప్పట్నుంచీ నేను వేటకి పోలేదు. రేవులో ఐసు గదికి కాపలా ఉంటున్నాను. ఇక్కడ నాకు ఎవరూ లేరు. అమ్మ మీద ఒట్టు.

చెప్పాలని ఎన్నిసార్లో ఫోన్ తీశాను. వల ముడి వెయ్యలేనివాడు మన పేటలో మగాడి లెక్కలోకి రాడు. నువ్వు నా మొహం చూస్తే కనిపెట్టేస్తావు. నిన్ను చూడాలి, నువ్వు నన్ను చూడకూడదు. షూటింగు మన పేటలోనే అని చినబాబు చెప్పగానే ధనరాజ్‌ని బతిమాలుకున్నాను. ఐసు, ఆటో, మాత్రలు అన్నీ నేను అడిగినవే. అతన్ని తిట్టకు.

ఇంకొకటి. చినబాబు ఇది రాయొద్దంటున్నాడు. నేనే రాయమన్నాను. ఎవరితో నవ్వుతోందని అడిగినప్పుడు నాకు అనుమానం ఉంది. చెయ్యి పోయినవాణ్ణి ఇంక ఏం చేసుకుంటుందిలే అని రోజూ నాకు నేనే చెప్పుకుని, ఆ మాట నమ్మడం మొదలెట్టాను. నువ్వు భావనపాడు వెళ్తే తప్పు పట్టను.

గంగులు


పేట,
డిసెంబర్ 25

బావా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. మొదట నమ్మలేదు. చెయ్యి పోయిందంటే జాలిపడి ఊరుకుంటానని అలా రాయించావేమోనని అనుమానించాను. దాలయ్య చిన్నాన్నకి ఫోన్ చేసి అడిగాను. ఆయన ఏడ్చేశాడు. అప్పుడు నమ్మాను.

అత్తకి చెప్పాను. గుండెలు బాదుకుంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "సెయ్యి పోతే పోనాది, నోరేటైపోనాది ఆడికి? కన్నతల్లికి సెప్పుకోడానికేటి?" అని తిట్టడం మొదలెట్టింది. ఇంకా తిడుతూనే ఉంది.

ఈ సాయంత్రం కూర్మమ్మ ఇంట్లో అందరం ఆ సినిమా చూశాం. ప్రియుడు తుఫానులోంచి వచ్చాడు, క్రాపు కూడా చెదరలేదు. ఇన్నాళ్ళూ తనని కాచింది ఎవరో ఆ పిల్లకి ఆఖరిదాకా తెలియదు. రెక్కలాయన చాటు నుంచి చూసి నవ్వి ఎగిరిపోయాడు. అందరూ కళ్ళొత్తుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. కనబడకుండా కాచుకోవడం దేవుడి మనుషులకి చెల్లుతుందేమో. మొగుడు చాటు నుంచి చూస్తే అది దొంగచూపే.

నీ చేతికి ఎంత ఏడ్చానో గోడలకి తెలుసు. ఎవరితో నవ్వుతున్నాది అన్న మాటకి మాత్రం ఏడుపు రాలేదు. ఆ మాట నేను మర్చిపోతానని అనుకోకు. నేనూ నీ మీద లేనిపోనివి అనుకున్నాను కాబట్టి, నిన్నొక్కణ్ణే తప్పు పట్టలేను. కానీ అనుమానం వచ్చాక నేను నిన్నే అడిగాను. నువ్వు ఎవర్నో అడిగావు.

వల ముడి వేసే చేతులు పేటలో చాలా ఉన్నాయి, నావీ ఉన్నాయి. వాటి కోసం నేను నిన్ను చేసుకోలేదు. భావనపాడు వెళ్ళలేదు. సర్దుకున్న సంచి మాత్రం ఇంకా విప్పలేదు.

ధనరాజ్ రాజాం వెళ్ళిపోయాడు. ఇక నా ఫోటోలు పంపేవాళ్ళు ఎవరూ లేరు. ఇది అందిన రోజునే వీడియో కాల్ చెయ్యి. ముందు ఆ చెయ్యి చూపించు, తర్వాత మొహం. నన్ను చూడాలంటే నువ్వూ కనబడాలి బావా.

దుర్గ