మొక్కు లేని కొండ

వోయి స్టేషను, మొంబాసా రైలు లైను, 1902

పెద్దక్క సంపూర్ణమ్మ గారికి తమ్ముడు అబ్రహాము వందనములతో వ్రాయునది.

సెలవు దొరికింది. మొక్కలు సేకరించే దొర ఒకాయన కిలిమంజారో కొండ ఎక్కుతూ, ఆకుల పేర్లు రాసిపెట్టడానికి నన్నూ తీసుకెళ్లాడు. కింద మన ఎండలే. కొండ నెత్తిన మాత్రం ఏడాది పొడుగునా మంచు. శిఖరం దాకా పోలేదు గాని మంచును చేత్తో ముట్టాను. మబ్బులు నా కాళ్ల కింద ఉన్నాయి. ఆ పూట నేను ఎవరి గుమాస్తానూ కాననిపించిందక్కా.

మీ అబ్రహాము

తా.క. దారిలో పేలు పడి గుండు చేయించుకున్నాను. ప్రసన్నకుమారికి చెప్పకండి. పెళ్లినాటికి జుట్టు వస్తుంది.

రామచంద్రపురం

ప్రభువునందు ప్రియమైన తమ్ముడిని అక్క దీవించి వ్రాయునది.

దూరదేశపు ఉత్తరం ఆరాధన అయ్యాక సంఘమంతటికీ చదివి వినిపించడం మన ఆచారం. చదివాను. సంఘ పెద్ద, నీకు కాబోయే మామగారు చిట్టియ్య గారు లేచి, "ఏ దేవుడి కొండండీ అది?" అన్నారు. ఏ దేవుడిదీ కాదన్నాను. "దేవుడు లేని కొండ పనిగట్టుకుని ఎవరెక్కుతారండీ? అన్నవరం ఎక్కినా కోరుకొండ ఎక్కినా మొక్కుంటుంది. పైగా గుండొకటి." కూతురి పెళ్లి ప్రకటన సంఘంలో చదవకుండా ఆపించారు. జరిగింది వివరంగా రాయి.

ప్రార్థనలో నిన్ను తలచుకునే అక్క

తా.క. ప్రసన్నకుమారి ముందు వరసలోనే కూర్చుంది. గుండు సంగతి ఇక దాచనక్కర్లేదు.

వోయి

అక్కగారికి అబ్రహాము వందనములు.

మొక్కూ లేదు, పాడూ లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, సంఘంలో చదవండి. పైకి పోయేకొద్దీ ఊపిరాడక అన్నం సయించలేదు, పస్తున్నాను. బూట్లు కరిస్తే విప్పేసి వట్టికాళ్లతో నడిచాను. వెంట తెచ్చుకున్న కొబ్బరికాయ ఒకటి మిగిలితే, మంచు మొదలయ్యే చోట బండమీద కొట్టి అందరికీ తలో ముక్క పంచాను. ఇందులో పూజ ఎక్కడుందండీ?

మీ అమాయకుడు అబ్రహాము

తా.క. దారి చూపిన ఊరివాళ్లు పైన దేవుడున్నాడంటారు. మామగారి ముందు ఇది చదవకండి.

రామచంద్రపురం

తమ్ముడికి అక్క దీవెనలు.

చదివాను. తా.క. కూడా చదివాను, సగం చదివి ఆపడం నాకు చేతకాదు. ఉపవాసం, వట్టికాళ్లు, కొబ్బరికాయ, ప్రసాదం అని చిట్టియ్య గారు వేళ్లు మడిచారు. నిన్ను ప్రభు భోజనానికి దూరం పెట్టారు. తప్పు ఒప్పుకుంటూ నీ తరఫున నన్ను సంతకం చేయమన్నారు, లేకపోతే ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకి వాక్యం చెప్పే నా బైబిలు స్త్రీ పని పోతుందన్నారు. "చేయని తప్పుకి క్షమాపణ చెప్తే అది దేవుడి ముందు అబద్ధమండి" అన్నాను. ఆ పనికని సంఘం ఇచ్చిన గొడుగు బల్లమీద పెట్టి వచ్చేశాను.

అక్క

తా.క. దారిలో వాన. తడిశాను. హాయిగానే ఉంది.

వోయి

అక్కగారికి వందనములు.

సంతకం పెట్టేయండక్కా. నా కొండ మూలంగా మీ పని పోకూడదు, ప్రసన్నకుమారి నాకు దక్కకుండా పోకూడదు. మొక్కు తీర్చుకున్నాను, క్షమించండి అని నేనే రాసి ఇందులో పెట్టాను.

లొంగిపోయిన అబ్రహాము

తా.క. ఏ దేవుడికి మొక్కానో తెలియక అక్కడ ఖాళీ వదిలాను. మీరు నింపండి.

బొంబాయి

తమ్ముడికి అక్క వ్రాయునది.

నీ కాగితం పొయ్యిలో పెట్టాను. మంచు ముట్టినవాడివి, ముట్టినవాడిలాగే ఉండు.

మన సంఘంలో మీ పెళ్లి జరిపించేది లేదన్నారు గనుక పెళ్లికూతురినే తెస్తున్నాను. ప్రసన్నకుమారి నా పక్కనే ఉంది. వాళ్లమ్మే పెట్టె సర్దింది. రేపు స్టీమరెక్కుతున్నాం. పెళ్లయ్యాక ముగ్గురం ఆ కొండకి పోదాం. ఎందుకని ఎవరైనా అడిగితే, చూడాలని ఉంది అంటాను. యాభై దాటినదాన్ని, దేని గురించీ ఇంతవరకు ఆ మాట అనలేదు.

నీ అక్క సంపూర్ణమ్మ

తా.క. చిట్టియ్య గారు రాజమండ్రి స్టేషనుకి వచ్చారు. ఆపడానికే అనుకున్నాను. రైలు కదిలేముందు కిటికీ దగ్గర వంగి, "సంపూర్ణమ్మ గారూ, పైకి వెళ్లాక నా మోకాళ్ల నొప్పుల సంగతి కొంచెం ఆయన చెవిన వేయండి" అన్నారు. ఏ ఆయన అని నేను అడగలేదు. "ప్రభువుకి ఇక్కణ్ణించే చెప్తానండి, దానికంత ఎత్తు అక్కర్లేదు" అన్నాను.