పంకా బొమ్మ రేకు

మైసూరు,
అక్టోబరు 14

ప్రియమైన అమ్మమ్మకు అఖిల నమస్కారాలు.

"ఫోన్‌లో ఊ కొట్టి తప్పించుకుంటావు, ఉత్తరం రాయి" అన్నావు కదా, రాస్తున్నా. ఎర్ర పెన్ను పట్టుకునే చదువుతావని తెలుసు. ముప్ఫై ఏళ్లు బడిపిల్లల్ని దిద్దిన చెయ్యి ఊరుకుంటుందా? జర కనికరించు.

నా ప్రాజెక్టుకు విషయం దొరికింది. అణు కేంద్రంలో ప్రమాదం జరిగి, ఆ ధూళి నేల మీద పడితే చుట్టుపక్కల చెట్లకూ ఝంతువులకూ ఏమవుతుందన్నది. చెర్నోబిల్ పక్కన ఒక పైన్ అడవి ఇటుక రంగుకు మారి చచ్చిపోయిందట. అక్కడి పిట్టల్లో కొన్నిటికి తెల్ల ఈకలు మొలిచాయట. జపాన్‌లో ఫుకుషిమా దగ్గర సీతాకోకచిలుకల రెక్కలు చిన్నవయ్యాయి, నల్ల ఆవుల ఒంటి మీద తెల్ల మచ్చలు వచ్చాయి. తమాషా ఏమిటంటే, మనుషులు ఖాళీ చేసిన చెర్నోబిల్ అడవిలో ఇప్పుడు తోడేళ్లు, గుర్రాలు హాయిగా తిరుగుతున్నాయి. వాటికి రేడియేషన్ ఎక్కువ చేటా, మనమా అని మా క్లాసులో రోజూ కొట్లాట.

పక్కింటి చంద్రమ్మత్త బర్రె ఈనిందా? ఈనితే నా వాటా జున్ను మైసూరు దాకా ఎట్లా పంపుతావో ఇప్పటి నుంచే ఆలోచించు.

నీ మనవరాలు
అఖిల


తొండుపల్లి,
అక్టోబరు 21

ప్రియమైన అఖిలకు ఆశీస్సులు.

ఉత్తరం అందింది. తప్పులు ఏడు. 'జంతువు'ను 'ఝంతువు' అని రాశావు. అంత బరువు అది మోయలేదు.

విషయం మాత్రం బాగుంది. సంతోషం పట్టలేక, ఇంటి ముందు బండ మీద కూర్చుని చంద్రమ్మకు పైకి చదివి వినిపించాను. తెల్లారేసరికి బర్రె ఈనింది. నల్లటి దుడ్డె, చక్కగా ఉంది. నొసటి మీద మాత్రం అరచేయంత తెల్ల మచ్చ.

"టీచరమ్మా! జపాన్ల ఆవులకొచ్చిందే మా బర్రెకొచ్చింది!" అని చంద్రమ్మ శోకం పెట్టింది. వాడకట్టు మొత్తం కూడింది. "గీ విమానాలు నెత్తి మీదికెళ్లే పోతయ్ గదా, ఏదో పడ్డది" అన్నాడు ఒకాయన. "ఏం పడ్డది, సూట్‌కేసా?" అన్నాను. అది చాలదన్నట్టు మన పెరట్లో రెండు వంకాయలు ఒకదానికొకటి అంటుకుని కాశాయి. ఇంకేముంది, ఊరికి సాక్ష్యం కూడా దొరికింది.

నాకు నవ్వు వస్తోంది గానీ చంద్రమ్మకు రావడం లేదు. ఆ ఇల్లు ఆ బర్రె మీదే నడుస్తుంది. ఈ బర్రె పాలు మాకొద్దని, రోజూ పోయించుకునే వాడికెవాళ్లంతా ముందే చెప్పేశారు. గొడ్ల బేరగాడు సంగతి పసిగట్టి, దీపావళి పోయినంక వస్తానన్నాడు. తల్లినీ పిల్లనూ కలిపి అడ్డికి పావుశేరు లెక్కన అడుగుతున్నాడు. ఆమె ఇచ్చేసేలా ఉంది.

పాపం, ఆ బర్రెను ఎంత గారాబంగా చూసుకున్నారు! కొట్టంలోకి వాన కొడుతోందని వాళ్లాయన శివయ్య బతుకమ్మ పండుగకు ముందే గగన్‌పహాడ్ పాత సామాన్ల దుకాణం నుంచి పసుపు రేకు ఒకటి తెచ్చి కట్టాడు. దాని మీద నల్లగా మూడు రెక్కల పంకా బొమ్మ. కింది అక్షరాలు తుప్పు తినేసింది. ఏదో పంకాల కంపెనీ వాళ్లదని నేనే చెప్పాను. "మా ఇంట్ల నాకు లేదు గని బర్రెకు పంకా పెట్టిచ్చిండు" అని చంద్రమ్మ అందరికీ చెప్పుకుంది.

ఈసారి తప్పులు తగ్గించు.

నీ అమ్మమ్మ
సక్కుబాయి


మైసూరు,
అక్టోబరు 25

ప్రియమైన అమ్మమ్మా,

నీ ఉత్తరం చదివి నేను ఫోన్‌లో అరిచింది నిజమే. "అరుపును నేను నమ్మను, రాసి పంపు" అని పెట్టేశావు. అయినా బర్రెనూ దుడ్డెనూ వెంటనే కొట్టం నుంచి విప్పించావని శివయ్య మామ చెప్పాడు. బతికించావు.

ఇగో, కుదురుగా రాస్తున్నా. అది పంకా కాదు. పసుపు మీద మూడు నల్ల రెక్కలు, నడుమ గుండ్రటి చుక్క ఉంటే, ఇక్కడ రేడియేషన్ ఉంది, దూరంగా ఉండండి అని అర్థం. ప్రపంచమంతటా అదే గుర్తు. ఆ రేకు ఎక్కడిదో, దేనికి కొట్టి ఉండేదో మనకు తెలియదు. ఏమీ లేకపోవచ్చు. తెలిసేదాకా ఎవరూ ముట్టొద్దు. రేడియేషన్ చిమ్మే అసలైన వస్తువే పాత సామాన్లలో కలిసిపోయి మనుషుల ప్రాణాలు పోయిన సంగతులు ఉన్నాయి.

ఇంకో మాట. మొదటి ఉత్తరంలో నేను సగమే రాశాను. ఆ ఆవుల మచ్చలు రేడియేషన్ వల్లనే వచ్చాయని ఎవరూ తేల్చలేదు. పిట్టల విషయంలోనూ శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. జంట కాయలు ఎక్కడైనా కాస్తాయి. నేను తమాషాకు రాసిన ముక్క వల్ల చంద్రమ్మత్త బర్రె పోతే నాకు అన్నం దిగదు.

పరీక్షలున్నాయి, రాలేను. మా సార్ స్నేహితుడు ఈశ్వరయ్య గారు హైదరాబాద్‌లోనే ఉంటారు. రేడియేషన్ కొలిచే మీటరు తీసుకుని వస్తారు. అప్పటిదాకా ఆ బేరగాణ్ని ఎట్లాగైనా ఆపు.

తప్పులుంటే ఈ ఒక్కసారికి వదిలెయ్.

నీ
అఖిల


తొండుపల్లి,
నవంబరు 6

ప్రియమైన అఖిలకు,

వదలను. తప్పులు రెండు.

బేరగాడు ఈశ్వరయ్య గారి కంటే ముందే దిగాడు. "పెద్దమ్మా, రేడియేషన్ బర్రెను ఎవ్వలు కొంటరు? నేను గావట్టి అడుగుతున్న" అన్నాడు. "మరి నువ్వు ఎవరికి అమ్ముతావు నాయనా?" అన్నాను. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాను. బర్రె చూలు మోసింది పది నెలలు, రేకు వచ్చింది మొన్న, మచ్చకూ రేకుకూ పొత్తెట్లా కుదురుతుందని చంద్రమ్మకు చెప్పి చూశాను. కొంగు నోట్లో పెట్టుకుని దుడ్డెనే చూస్తోంది తప్ప వినలేదు.

అంతలో ఈశ్వరయ్య గారు వచ్చారు. మీటరు తీసి ముందు చేను గట్టు మీద పెట్టి చూశారు. తర్వాత రేకు దగ్గర పెట్టారు. ఊరంతా మీటరు మీదికి వంగింది. గట్టు దగ్గర ఎంతో రేకు దగ్గరా అంతే. వచ్చేదారిలో గగన్‌పహాడ్ దుకాణంలో అడిగారట, అది మూతబడ్డ ఎక్స్‌రే గది తలుపు మీది బోర్డట. మిషను నడిస్తేనే కిరణాలు, బోర్డులో ఏముంటాయి అన్నారు. దుడ్డె మీద పెట్టారు, పాల చెంబు దగ్గర పెట్టారు, ఆ జంట వంకాయకూ పెట్టారు. ఏమీ లేదు.

మీటరు పట్టుకుని మన ఇంటి ముందుకు వచ్చారు. అక్కడ అది గబగబా టకటకలాడింది. ఎక్కడనుకున్నావు? నేను రోజూ కూర్చునే బండ మీద! నువ్వు అరిచావని బర్రెను రేకు దగ్గర నుంచి విప్పించి తెచ్చి కట్టింది కూడా ఆ బండ పక్కనే.

ఈ ప్రాంతపు రాళ్లలో సహజంగానే రేడియేషన్ కొంచెం ఎక్కువట. గుట్టలు పుట్టినప్పటి నుంచీ ఉన్నదే, భయపడాల్సినంత కాదన్నారు. చంద్రమ్మ మొహంలో రెండు వారాల తర్వాత నవ్వు చూశాను. "అయితే మా బర్రెను గాదు, టీచరమ్మనే జర దూరం పెట్టాలె!" అంది. బేరగాడు కూడా నవ్వాడు. తర్వాత ఎందుకు నవ్వానా అనుకున్నట్టున్నాడు.

"మచ్చ సంగతేంది సార్ మరి?" అని ఎవరో అడిగారు. "దీని తండ్రి ఏ దున్న?" అన్నారు ఈశ్వరయ్య గారు. శివయ్య తల గోక్కుంటూ, "మామిడిపల్లి బాలమల్లుది సార్. దాని నొసలు గూడ గిట్లనే తెల్లగుంటది" అన్నాడు.

"గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా?" అని చంద్రమ్మ చీపురు అందుకుంది.

"నన్నెవ్వలడిగిన్రే?" అని శివయ్య పరుగు.

నిజమే. జపాన్‌ను అడిగాం, విమానాలను అడిగాం. శివయ్యను మాత్రం అడగలేదు.

బేరగాడు వట్టి చేతులతో పోయాడు. వాడికెవాళ్లు చెంబులతో మళ్లీ వచ్చారు. "నిన్నటిదాంక నా పాలు ఇసమాయె గదా" అని ఒక్కొక్కరినీ నాలుగు అని గానీ చంద్రమ్మ పాలు పొయ్యలేదు. దుడ్డెకు పేరు పెట్టింది: పంకా. పిలిస్తే చెవులు ఊపుతోంది.

నువ్వు భయపడ్డావని చిన్నబోవద్దు. ఈసారి వట్టి రేకు, రేపు నిండు డబ్బానే రావచ్చు. అందుకని బడికి పోయి, నల్లబల్ల మీద ఆ గుర్తు గీసి, "ఇది పంకా కాదు" అని పిల్లలందరిచేత పలికించి వచ్చాను. రేకును ఈశ్వరయ్య గారు తీసుకుపోయారు. కొట్టానికి శివయ్య ఇంకో రేకు తెచ్చాడు. ఈసారి తెచ్చే ముందు నాకు చూపించాడు. బిస్కెట్లది.

జున్ను మైసూరు దాకా ఆగదు. నీ వాటా అప్పుడే నేను తినేశాను.

ఇక తప్పుల లెక్క. నీవి రెండని పైన రాశాను. నాది ఒకటి: పంకా. ఎర్ర పెన్నుతో దిద్దుకున్నాను.

బండ మీద కూర్చుని రాస్తున్న
నీ అమ్మమ్మ
సక్కుబాయి