ఆళ్ళగడ్డ పోస్టుమాస్టరు టెస్టు మ్యాచ్ యాత్ర

ఆళ్ళగడ్డ,
సోమవారం

నంద్యాల, కృష్ణకుమారి యాత్రా బస్సుల యజమాని శ్రీ విజయభాస్కర్ గారికి వందనాలు.

నన్ను మీరు ఎరగరు. నా పేరు జ్ఞానప్రకాశం. ఆళ్ళగడ్డలో పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యాను. ఇక్కడి బస్టాండు గోడ మీద మీ పోస్టరు చూశాను. ‘బెంగళూరు టెస్టు మ్యాచ్ యాత్ర. భోజనం, బస, టిక్కెట్టు అన్నీ మావే’ అని ఉంది. నమ్మలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను.

నేను చిన్నప్పటి నుంచి క్రికెట్ వింటున్నాను. వినడం అంటే వినడమే, రేడియోలో. ఉత్తరాల మీద ముద్ర కొడుతూ విన్నాను. మా అమ్మాయి బ్లెస్సీ పెళ్ళిలో పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే చెవిలో తీగ పెట్టుకుని విన్నాను. ఇంట్లో టీవీ ఉంది గానీ అది మా ఆవిడ సారమ్మది, ఆమె సీరియళ్ళది. బ్యాటుకు బంతి తగిలే చప్పుడు నా చెవులతో నేరుగా వినకుండా ప్రభువు దగ్గరికి పోకూడదని నా పట్టుదల.

నాకూ సారమ్మకూ రెండు సీట్లు కావాలి. షరతు ఒక్కటే. సీట్లు బౌలరు వెనక వైపు ఉండాలి. పక్క నుంచి చూస్తే బంతి తిరిగేది తెలీదు. స్లిప్పులు కూడా బాగా కనపడాలి.

గంట దూరానికి ఉత్తరమెందుకు, ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. ఇన్నేళ్ళు పోస్టాఫీసు ఉప్పు తిని ఇప్పుడు ఫోన్ చేస్తే నాకే చిన్నతనం.

మీ జవాబు కోసం గుమ్మంలో కుర్చీ వేసుకున్న,
జ్ఞానప్రకాశం

తా.క.: సారమ్మకు క్రికెట్ పడదు. “అంతంత మొగోళ్ళు ఎండలో నిలబడుకోని ఏం జేస్తాండారప్పా, పనీ పాటా లేకనా?” అంటుంది. బెంగళూరులో వాళ్ళ చెల్లెలు అమృత ఉంది కాబట్టి వస్తానంది. ఒక్కరోజు నా పక్కన కూర్చుంటానని మాట ఇచ్చింది. ఆ మాట రిజిస్టరు పోస్టులో తీసుకుని ఉంటే బాగుండేది.

---

నంద్యాల,
గురువారం

పెద్దలు జ్ఞానప్రకాశం గారికి విజయభాస్కర్ నమస్కారాలు.

మీ ఉత్తరం చేరింది. కరెంటు బిల్లు కాకుండా మా ఆఫీసుకు పోస్టులో మరొకటి వచ్చి చాలా కాలమైంది. మా ఇంటావిడ కృష్ణకుమారి దాన్ని ఫ్రేము కట్టించమంది.

మేము కాశీ, రామేశ్వరం, అరుణాచలం తిప్పేవాళ్ళం. “ఇప్పుడు జనం మ్యాచులకు గూడా యాత్రలు పోతాండారు నాయనా” అని మా అమ్మాయి పూజిత చెబితే ఈ పోస్టరు వేయించాను. క్రికెట్ గురించి నాకు తెలిసింది ఆ పోస్టరు మీది బొమ్మ వరకే.

మీరు బొలెరో వెనక సీటు అడిగారు. మన్నించాలి, మాది బొలెరో కాదు, పెద్ద బస్సు. బొలెరోలు అహోబిలం జీపు స్టాండులో ఉంటాయి గానీ బెంగళూరు దాకా రారు. పైగా ఈ వయసులో మీకు వెనక సీటేమిటి, నడుము పోతుంది. డ్రైవరు వెనకే ఇస్తాను. స్లిప్పు సంగతి మరిచిపోండి. సీటు కట్టిన అందరికీ స్లిప్పు ఇస్తాం. మీది లావు అక్షరాలతో రాయిస్తాను, బాగా కనపడుతుంది.

తెల్లవారేసరికి బెంగళూరు చేరతాం. స్నానాలు, టిఫిన్లు, మ్యాచ్ దర్శనం, భోజనాలు, సాయంత్రం తిరుగు ప్రయాణం.

మీ సేవకు సిద్ధంగా ఉన్న,
విజయభాస్కర్

తా.క.: తలనీలాలు ఇచ్చేవారికి క్షవరం ఖర్చు మాదే.

---

ఆళ్ళగడ్డ,
శనివారం

విజయభాస్కర్ గారికి వందనాలు.

మీ ఉత్తరం చదివి మంచినీళ్ళు తాగాను.

బౌలరు అంటే బండి కాదు స్వామీ, బంతి వేసే మనిషి. స్లిప్పులు అంటే కాగితాలు కావు, వికెట్ల వెనక వంగి నిలబడే ఆటగాళ్ళు. అవన్నీ పోనివ్వండి. సాయంత్రం తిరుగు ప్రయాణం ఏమిటి? టెస్టు మ్యాచ్ అయిదు రోజుల ఆట! మొదటి రోజు చూసి వచ్చేయడం అంటే పెళ్ళికి పోయి పందిరి రాట చూసి వచ్చేయడమే.

మీకు అర్థమయ్యేలా చెబుతాను. పొద్దున ఆట మొదలవుతుంది. మధ్యాహ్నం భోజనానికి ఆపుతారు. మళ్ళీ ఆడతారు. టీకి ఆపుతారు. మళ్ళీ ఆడతారు. పొద్దువాలే ముందు వికెట్ పోయిందనుకోండి, అప్పుడు నైట్ వాచ్‌మన్ దిగుతాడు. అతను ఉన్నాడంటే తెల్లారేదాకా మనకు దిగులు లేదు. ఇదంతా అయిదు రోజులూ జరగాలి. లేదంటే నా సీట్లు రద్దు చేయండి.

ఇంకా ఆశ వదులుకోని,
జ్ఞానప్రకాశం

తా.క.: అయిదు రోజులు ఆడినా ఒక్కోసారి ఎవరూ గెలవరని సారమ్మకు నోరుజారి చెప్పాను. “దానికంటే మా స్త్రీల సమాజం మీటింగే మేలు. ఆడ కొట్లాడుకున్నా ఎవరో ఒకరు గెలుస్తారు” అంది.

---

నంద్యాల,
మంగళవారం

జ్ఞానప్రకాశం గారికి నమస్కారాలు.

అయిదు రోజులా! ఏడు కొండలూ ఎక్కి దిగినా అంత పట్టదు కదండీ. అయినా మీరు చెప్పారంటే అది శాసనం. సత్రం అయిదు రోజులకూ మాట్లాడాను.

మీరు రాసినట్టే అన్ని ఏర్పాట్లూ చేశాను. మధ్యాహ్న భోజనం, టీ విషయం మా వంటమనిషి సుందరరాజుకు చెబితే, “ఆటగాళ్ళు శాకాహారులా కాదా అన్నా? రెండు పార్టీలకూ మనమే వండాల్నా?” అని అడుగుతున్నాడు. పులిహోర అయితే ఎవరికీ అభ్యంతరం ఉండదని చెప్పాను. మీరు కోరిన నైట్ వాచ్‌మన్‌ను కూడా కుదిర్చాను. పేరు ఎడ్విన్, ఆత్మకూరు మనిషి. అడవి పక్కన పెరిగినవాడు, ఎలుగుబంటినే తరిమాడట. సొంత కర్ర తెచ్చుకుంటాడు.

వెలుగోడు నుంచి కమలాక్షమ్మ గారూ, ఆమెతో చాలామంది ఆడవాళ్ళూ ఎక్కుతున్నారు. పోస్టరు మీద ‘టెస్టు’ చూసి బెంగళూరు పెద్దాసుపత్రిలో షుగరు, బీపీ టెస్టులు అనుకుని సీట్లు కట్టారు. నిజం చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, “అడ్వాన్సు ఇచ్చేసినాం. టెస్టుల్లేకపోతే గుళ్ళన్నా చూపియ్యప్పా” అంది. సరేనన్నాను.

మీ మాట జవదాటని,
విజయభాస్కర్

తా.క.: వికెట్ పోతే అని రాశారు. మా నియమం ముందే చెబుతున్నాను, ఎవరి వికెట్లకు వారే బాధ్యులు. పోగొట్టుకుంటే మళ్ళీ ఇవ్వం.

---

ఆళ్ళగడ్డ,
శుక్రవారం

విజయభాస్కర్ గారికి వందనాలు.

ఆటగాళ్ళకు పులిహోర వద్దు. వాళ్ళకు వండేవాళ్ళు వేరే ఉన్నారు. నైట్ వాచ్‌మన్ కూడా ఆటగాడే. మంచి బ్యాటరును మర్నాటికి దాచుకుని, పోయినా పరవాలేదని పంపే మనిషి. ఎడ్విన్‌కు ఈ సంగతి చెప్పకండి, బాధపడతాడు. వచ్చి బస్సు దగ్గర కూర్చోమనండి.

ఇంక వాదించను. బెంగళూరు చేర్చండి చాలు. నిజం చెప్పాలంటే వారం నుంచి అన్నం సయించడం లేదు. టోపీ కొన్నాను. అద్దంలో చూసుకుంటుంటే సారమ్మ వచ్చి, “ఏంది, బ్యాటింగు నీదేనా?” అంది. నవ్వనివ్వండి. ఇన్నేళ్ళూ వాళ్ళూ వీళ్ళూ చెబితే విన్నాను. ఇప్పుడు నా కళ్ళతో నేనే చూడబోతున్నాను. ఒకరు చెప్పాల్సిన పని లేదు.

బస్టాండులో అందరికంటే ముందు ఉండబోయే,
జ్ఞానప్రకాశం

తా.క.: సారమ్మ గొడుగు, ఊరిమిండి పచ్చడి, అల్లిక సూదులు, పాటల పుస్తకం సర్దింది. మొదటి రోజు పొద్దు గడవడానికట.

---

బెంగళూరు, స్టేడియం బయట, మీ బస్సులోంచి,
మ్యాచ్ మొదటి రోజు

సత్రంలో ఉన్న విజయభాస్కర్ గారికి,

ఇది ఎడ్విన్ చేతికిచ్చి పంపుతున్నాను. అత్యవసరం.

నేను స్టేడియం నుంచి బయటికి వచ్చేశాను. నాకు ఏమీ అర్థం కాలేదండీ! సీటు మంచిదే, బౌలరు వెనకే. జనం తిరునాళ్ళలా ఉన్నారు. ఒకతను పరుగెత్తాడు. ఇంకొకతను బ్యాటు ఊపాడు. అందరూ లేచి అరిచారు. ఎందుకు అరిచారో చెప్పే నాథుడు లేడు. వేసింది ఎవరు, కొట్టింది ఎవరు, బంతి ఎటు పోయింది, గాలి ఎటు వీస్తోంది, ఒక్కరూ చెప్పరు. పక్కనున్న పిల్లవాణ్ణి “ఏమైందప్పా?” అని అడిగితే “అవుట్ తాతా, కనపడ్లేదా?” అన్నాడు. కనపడింది. తెల్లబట్టల మనుషులు కనపడ్డారు. మ్యాచ్ కనపడలేదు. ఇక బ్యాటు చప్పుడంటారా, ఆ అరుపుల్లో మా ఇంటి రేడియోలో వినపడినంత కూడా వినపడలేదు.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సారమ్మకు టీ తాగి వస్తానని చెప్పి బయటికొచ్చి, బస్సెక్కి, జేబు రేడియో చెవిలో పెట్టుకున్నాను. కళ్ళు మూసుకోగానే గ్రౌండు మొత్తం, ఆ చివరి నుంచి ఈ చివరికి, గడ్డితో సహా కనపడింది. సుందరరాజు ప్లేటులో పులిహోర పెట్టాడు. నా జన్మలో ఇంత బాగా మ్యాచ్ చూడలేదు.

కష్టం ఏమిటంటే, బయటికి వచ్చినవాణ్ణి మళ్ళీ లోపలికి రానివ్వరట. సారమ్మ ఒక్కతే లోపల ఉంది. ఆట తెలీదు, మనుషులు తెలీదు, ఎంత విసుక్కుంటోందో! కమలాక్షమ్మ పార్టీ ఆటోల్లో గుళ్ళకు పోయారు కదా, వాళ్ళ టిక్కెట్లు మీ దగ్గరే ఉన్నాయి. ఒకటి తీసుకుని దయచేసి లోపలికి వెళ్ళి ఆమెను పిలుచుకు రండి.

తొందరలో,
జ్ఞానప్రకాశం

తా.క.: ఎండ జాస్తి అయింది. నా టోపీ పెట్టుకు పోండి. ఏ గొడవా లేకుండా ఆమెను బయటికి తెస్తే చాలు.

---

బెంగళూరు, స్టేడియం లోపలి నుంచి,
మ్యాచ్ రెండో రోజు

సత్రంలో రేడియో వింటున్న జ్ఞానప్రకాశం గారికి విజయభాస్కర్ నమస్కారాలు.

నిన్న సాయంత్రం మేము బయటికి వచ్చేసరికి మీరు బస్సులో నిద్రపోతున్నారు. ఈ పొద్దున మీరు లేవకముందే మేము లోపలికి వచ్చేశాం. కాబట్టి జరిగింది రాసి చెప్పాల్సి వస్తోంది. ఇక్కడ ‘4’ అని అచ్చేసిన అట్టలు పంచారు, ఒకదాని వెనక రాస్తున్నాను, గేటు దగ్గర ఎడ్విన్ చేతికిస్తాను. ఫోరు కొట్టినప్పుడల్లా లేచి ఊపాల్సి వస్తోంది. అక్షరాలు వంకర పోతే మన్నించండి.

మీరు చెప్పినట్టే నిన్న లోపలికి వెళ్ళాను. సారమ్మ గారు సీట్లో లేరు. వెతికితే కింద, కంచె పక్కన నిలబడి ఉన్నారు. “అమ్మా, సారు పిలుస్తాండారు, పోదాం” అన్నాను. “ఉండప్పా, ఈ ఓవరు అయిపోనీ” అన్నారు.

సంగతేమిటంటే, గ్రౌండు అంచున ఒక ఆటగాడు పొద్దుటి నుంచి ఒక్కడే నిలబడ్డాడట. బంతి అటు రాదు, పలకరించే మనిషి లేడు. “చూడు, ఎవురు కన్న బిడ్డో, ఎండకు ఎట్లా మాడిపోతాండాడో” అని ఆమెకు జాలేసింది. అల్లిక పక్కన పెట్టి ఆ ఒక్కణ్ణే చూడటం మొదలుపెట్టారు. ఆమె చేయి ఊపితే ఆ కుర్రాడూ తిరిగి ఊపాడట. అంతే. నేను నిలబడి ఉండగానే బంతి ఆకాశానికి లేచింది. ఆ కుర్రాడు వెనక్కి చూడకుండా మా వైపే పరుగెత్తి వచ్చి, పడి, పొర్లి, పట్టేశాడు. సారమ్మ గారు వేసిన కేకకు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఇన్నేళ్ళు ఎన్నో దర్శనాలు చేయించాను గానీ, క్యూలో జనాన్ని లెక్కబెట్టుకోవడంలో ఒక్కటీ నేను చేసుకోలేదు. నాకు మొదటి దర్శనం ఇదేనండీ. తర్వాతే తెలిసింది, ఆ కుర్రాడు అవతలి పార్టీవాడని. చుట్టూ ఉన్నవాళ్ళు మా ఇద్దరినీ కొరకొరా చూశారు.

ఇప్పుడు మీతో ఒక పని పడింది. కమలాక్షమ్మ గారికి గుళ్ళు అయిపోయాయి, ఈ సాయంత్రమే ఇల్లు చేర్చమంటున్నారు. నేను రాలేను. మ్యాచ్ ఇంకా మూడు రోజులుంది. యాత్ర మీ చేతుల్లో పెడుతున్నాను. ఎన్నో ఏళ్ళు ఉత్తరాలను ఊళ్ళు చేర్చినవారు, ఆడవాళ్ళను చేర్చలేరా? దారి డ్రైవరుకు తెలుసు. ఆగిన ప్రతిచోటా “అందరూ ఎక్కినారా?” అని అరిస్తే చాలు, యజమాని పని అంతకంటే ఏమీ లేదు. కృష్ణకుమారికి మాత్రం బస్సు చెడిపోయిందని చెప్పండి. బస్సులోనే పోయి చెప్పకండి.

ఇట్లు,
టెస్టులో ఉన్న,
విజయభాస్కర్

తా.క.: సారమ్మ గారు అట్ట లాక్కుంటున్నారు.

బ్లెస్సీ నాయనకు, మ్యాచ్ అయ్యేదాకా నేను అమృత ఇంట్లో ఉండి రోజూ ఈడికి వస్తా. నువ్వు బెంగ పెట్టుకోవద్దు. బంతి బ్యాటుకు తగిలితే టక్కుమనదు, మన ఇంట్లో పచ్చి కట్టె పగిలినట్టు ఉంటాది. నీ కోసమని కంచె కాడ నిలబడి చెవి పెట్టి విన్యా. నువ్వు పోతా పోతా బస్సులో రేడియో ఇను. సాయంత్రం నేనే ఫోన్ చేస్తా, పోస్టుమాస్టరని బిగుసుకోకుండా ఎత్తు. ఎవురు ఎన్ని కొట్టిరో నువ్వు చెప్పు, ఆ బిడ్డలు ఎట్లుండారో నేను చెప్తా. ఇద్దరం కలిస్తే గానీ ఈ ఆట పూర్తిగా తెలిసేట్టు లేదు.