కొత్తింటి వాసన

ఆదివారం రాత్రి, దిల్‌సుఖ్‌నగర్

ఎల్బీ నగర్‌లో సునీత వాళ్ల గృహప్రవేశానికి వెళ్లొచ్చాను. ఇంటీరియర్ పని నేను మధ్యలో వదిలేసిన ఇల్లు. అల్మారాలకు ఆ ఘాటు జిగురు వద్దని నెలల తరబడి వాదించి, వినకపోతే కోపంతో తప్పుకున్నాను. వేరేవాళ్లు ముహూర్తానికి హడావిడిగా ముగించారు. లోపల అడుగు పెట్టగానే కళ్లు మండాయి.

"కొత్తింటి వాసన మేడం, మంచిగుంది కదా!" అంది సునీత.

అది విషమన్నాను.

"ఇయ్యాల గూడ క్లాసేనా? జర పాయసం తినుండ్రి."

ఆయాసమున్న ఆమె కూతురు కొత్త గదిలో దగ్గుతూనే ఆడుతోంది. ఆచారం కదా, రాత్రికి అక్కడే నిద్ర చేయాలట. కిటికీలైనా తెరవమన్నాను. దోమలొస్తాయట!

ముహూర్తం చూసుకునే జనం రంగు ఆరిందో లేదో చూసుకోరెందుకు? ఇలా ఎన్నిసార్లు అరిచానో. జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అన్నాను, పర్యావరణం అన్నాను, కంపెనీల దోపిడీ అన్నాను.

భోజనాల దగ్గర సునీత వడ్డించేవాళ్లను ఆపింది. "పెరుగెయ్యకుండ్రి, పాపకు పడదు." వెంటనే గిన్నె వెనక్కి పోయింది. ఎవరూ ఎందుకని అడగలేదు.

పడదు. జిగురు గురించి వాదించిన అన్ని నెలల్లో ఆ ఒక్క మాట నా నోటికెందుకు రాలేదు?

ఇంటికొచ్చాక ఫోన్ చేశాను. ఎత్తలేదు. కిటికీలు మూసుకుని పడుకుని ఉంటారు.