పదకొండు దగ్గర ఆగిన కాళ్ళు

12 ఆగస్టు 1997, మంగళవారం

ఫిబ్రవరి మ్యాచ్‌లో బ్లాక్‌కి ఎగిరి దిగుతూ ఇద్దరు పిల్లలకి చీలమండ బెణికింది. వాలీబాల్ నేర్పేది నేను, తప్పూ నాదే. ఈ నెల రావులపాలెం మ్యాచ్‌లో అలా కానివ్వను. పీఈటీల క్యాంపులో చూపించిన బ్యాలెన్స్ టెస్ట్ మొదలుపెట్టాను. కళ్ళు మూసుకుని, ఒంటికాలి మీద, ముప్ఫై సెకన్లు.

టీమ్‌లో పదిమంది. హేమశ్రీ ముప్ఫై నిలబడింది. మిగతా తొమ్మిది మందీ పదకొండుకే రెండో కాలు దించేశారు. అందరూ.

స్టాప్‌వాచ్ పాడైనట్టుంది.

13 ఆగస్టు

స్టాప్‌వాచ్ బాగానే ఉంది.

ఒక్కొక్కరినీ విడిగా పిలిచాను. పాదం పట్టుకుని లాగి చూశాను. లిగమెంట్లు గట్టిగా ఉన్నాయి. కళ్ళు తెరిచి ఉంటే నిమిషమైనా కదలరు. మూస్తే పదకొండు.

హెడ్మాస్టరు సత్యప్రసాద్ గారు అందరికీ పాస్ రాసేయమన్నారు. రాయలేను. ఎగిరి దిగేటప్పుడు చూపు బంతి మీదే ఉంటుంది, కాలు దాని దారి అది చూసుకోవాలి.

14 ఆగస్టు, సాయంత్రం 5

హేమశ్రీ జూన్‌లో జంగారెడ్డిగూడెం నుంచి వచ్చింది. మిగతావాళ్ళంతా ఈ సముద్రం ఒడ్డు పిల్లలే. అది తట్టి ఆ తొమ్మిది మందిలో లోవమ్మని అడిగాను.

"నీళ్ళొచ్చేత్తాయండి, మేడం గారూ. కాలి కింద ఇసక లాగేత్తాదండి."

నవంబరు తుఫాను. బడి మేడ ఎక్కుదామని ఈ తొమ్మిది మందీ, వీరదుర్గ అనే పిల్లా చేతులు పట్టుకుని నడుం లోతు నీళ్ళల్లో నడిచారట. చివర వీరదుర్గ. భయం వెయ్యకుండా అడుగులు పైకి లెక్కపెట్టిందట.

"పదకొండు అందండి. పన్నెండు వినపళ్ళేదండి."

నేను జనవరిలో చేరాను. ఆ పిల్ల పేరు నాకెవరూ చెప్పలేదు.

18 ఆగస్టు

అందరినీ చేతులు పట్టించి వరసగా నిలబెట్టాను. కళ్ళు మూయించి గట్టిగా లెక్కపెట్టాను. పదకొండు దగ్గర కాళ్ళు వణికాయి. "పన్నెండు!" అని అరిచాను. ముప్ఫై దాకా నిలబడ్డారు. లోవమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.

20 ఆగస్టు

విడివిడిగా చూశాను. అందరూ ముప్ఫై. మ్యాచ్‌కి వెళ్ళే టీమ్ లిస్టు మీద సంతకం పెట్టాను.

23 ఆగస్టు, రావులపాలెం

ఓడిపోయాం. ఒక్క చీలమండా బెణకలేదు.

24 ఆగస్టు, ఆదివారం

నిన్న రాయలేకపోయాను.

మ్యాచ్‌కి ముందు వరసగా నిలబడదామని పిల్లలే అడిగారు. చివర నేను. నా కుడిచెయ్యి లోవమ్మ చేతిలో ఉంది. ఎడమ పక్క ఎవరూ లేరు. కళ్ళు మూసుకుని లెక్కపెట్టాను. పదకొండు అన్నాక నా ఎడమ చేతిలోకి ఒక చిన్న చెయ్యి వచ్చింది. తడిగా.

పన్నెండు అన్నది నేను కాదు.