ఎడమ తలుపు చప్పుడు

వనపర్తి,
12 జనవరి 2004

ప్రియమైన తమ్ముడు జోసెఫ్‌కు,

గాలి కొడుతుండగా టైరు రింగు ఎగిరి నీ ఎడమ కంటికి తగిలిందని మన పాత షెడ్డు వెంకట్రాములు చెప్పాడు. డాక్టరు ఏమన్నాడు, బండి ఎప్పటిదాకా ఎక్కవద్దన్నాడు, మందు ఎవరు వేస్తున్నారు? మూడింటికీ జవాబు రాయి.

నీవు అడుగుతూ వచ్చిన అమెరికా కారు పందేల డ్రైవరు హ్యాంక్ డెల్రాయ్ కథను, పాత పత్రికలు, నిఘంటువు ముందుంచుకుని కూడదీశాను. అతని కారు చక్రాలకు పైన మూతలుండవు, మన ట్రాక్టరు ముందు చక్రాల వలెనే. కూర్చునేది ఒక్కడే. బాట గుండ్రంగా ఉంటుంది. ఎప్పుడూ ఎడమకే తిప్పాలి. ఒకప్పుడు పాలవ్యాను తోలినవాడు ఆ దేశానికే విజేత అయ్యాడు. మిగతాది మరొకసారి.

నీ క్షేమం కోరే
కురుమూర్తి


గద్వాల,
20 జనవరి

ప్రియమైన కురుమూర్తన్నకు,

కన్ను మంచిగనే ఉంది, పరేషాన్ కాకు. డీసీఎం లారీ మళ్ల నడుపుతున్న. ఎడమ పక్క క్లీనర్ శాంతయ్య ఉన్నడు గద, తలుపు ఒకసారి కొడితే ఆపుత, రెండుసార్లు కొడితే పోత. "ఇంట్ల చెంబు కనపడదు గని రోడ్డు కనపడతదట" అని నీ మరదలు గీత ఎత్తిపొడుస్తుంది. ఆదివారం కూలోళ్లను ఎక్కించుకొని పూణె పోతున్న. గా డెల్రాయ్ ఆఖరి పందెం గెలిచిండా?

నీ తమ్ముడు
జోసెఫ్


వనపర్తి,
22 జనవరి

ప్రియమైన జోసెఫ్,

ఆలస్యం కారాదని గద్వాల బస్సు కండక్టరు చేతికిస్తున్నాను.

అతడు గెలవలేదు. ఒక ప్రమాదంలో ఎడమ కంటి చూపు పోతే, ఆ సంగతి దాచి ఆ ఏడాదంతా నడిపాడు. చివరి పందెంలో ఎడమనున్న కారును చూడక ఢీకొట్టాడు. అవతలివాని కాలు తీసివేశారు. "ఒక్కరోజు ముందు దిగిపోవలసింది" అని చెప్పి డెల్రాయ్ మళ్లీ కారెక్కలేదు.

శాంతయ్య చూశాకే తలుపు చప్పుడవుతుంది. అతడు కునికితే? వెనుక కూలీలు, వారి పిల్లలు ఉంటారు. నీకు కోపం వస్తే రానీ. ఆదివారం స్టీరింగు పట్టకు.

కలవరంతో
కురుమూర్తి


గద్వాల,
3 ఫిబ్రవరి

ప్రియమైన అన్నకు,

కోపమొచ్చింది. "అన్నకు అమెరికా తెల్సు, నా బండి తెల్వదు" అని గీతతోని అన్న. శనివారం ఖాళీ బండి తీసి, "ఇయ్యాల తలుపు కొట్టకు" అని శాంతయ్యకు చెప్పిన. ఊరు దాటినంక శాంతయ్య స్టీరింగు పట్టి గుంజిండు. దిగి చూస్తే ఎడమ పక్క కట్టెల మోపుతోని ముసలవ్వ. "కండ్లు ఇంట్ల పెట్టొచ్చినవా బిడ్డా?" అన్నది.

పూణె పోయొచ్చినం. తోలింది శాంతయ్య. ఆయనకు లైసెన్సుంది గని, నేనే స్టీరింగు ఎన్నడు ఇయ్యలే. ఎడమ సీట్ల కూసొని, మెడ మొత్తం తిప్పి, కుడి కన్నుతోని చూసి, దారంత నేనే తలుపు కొట్టిన.

మెడ ఇంకా నొస్తుంది.

నీ తమ్ముడు
జోసెఫ్